ఏడో గది దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, ఫ్లోరెన్స్‌లో ఒకప్పటి క్రైస్తవ మఠమైన శాన్ మార్కో మ్యూజియం మీద, అక్కడ ఫ్రా ఆంజెలికో గోడల మీద వేసిన బొమ్మల మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పదకొండు పేజీల్లో నేను వెతుక్కున్న వాక్యం ఆరో పేజీ అడుగున దొరికింది: "గదిలోకి తొంగిచూస్తే మొదట కిటికీ వెలుతురు తప్ప ఇంకేమీ కనిపించలేదు." ఆ మాట రాసి, వెంటనే దాన్ని వదిలేసి, ఆ మఠంలోనే ఉన్న సన్యాసి సవొనరోలాను ఉరితీసిన కథలోకి వెళ్లిపోయావు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క వాక్యం గురించే.

అది నువ్వు కళ్లతో చూసి రాసిన మాట. ఆ మఠంలో సన్యాసుల గదులు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకో. మంచం, బల్ల వేస్తే నిండిపోయేంత గది. తలుపుకి ఎదురుగా గోడ, ఆ గోడకి ఒక చిన్న కిటికీ, దాని పక్కనే బొమ్మ. వెలుతురు కిటికీలోంచి నేరుగా మన కళ్లలో పడుతుంది కాబట్టి పక్కనున్న బొమ్మ మసకగా ఉంటుంది. ఒక నిమిషం నిలబడితే కళ్లు సర్దుకుంటాయి. అప్పుడు ముందు లేత రంగులు, తర్వాత మొహాలు, ఒక్కొక్కటే బయటికొస్తాయి. గుమ్మం దగ్గర ఫోటో తీసుకుని పక్క గదికి పోయేవాళ్లకు ఇది తెలియదు. నీకు తెలిసింది. తెలిసీ చెప్పకుండా దాటేశావన్నదే నా బాధ.

నీ మొదటి పేజీ తీసేయి. "ఫ్లోరెన్స్ నగరం కళలకు కాణాచి" అని మొదలుపెట్టావు. ఆ మాట ఫ్లోరెన్స్ వెళ్లకుండా కూడా రాయొచ్చు. 1436లో ఆ మఠం పక్క ఊరు ఫియెసొలే నుంచి వచ్చిన డొమినికన్ సంఘపు సన్యాసుల చేతికి రావడం, నగరంలో పెద్ద ధనవంతుడు కోసిమో దె మెదిచి డబ్బు పెట్టడం, వాస్తుశిల్పి మికెలోట్సో కట్టడం, 1869లో అది మ్యూజియం కావడం, ఇవన్నీ సరిగ్గానే రాశావు. రెండు వాక్యాలు చాలు వాటికి. అజంతా, లేపాక్షి, శాన్ మార్కో మూడింటినీ ఒకే వాక్యంలో కట్టిన చోట కూడా గీత కొట్టాను. లేపాక్షి గుడి కప్పు కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డ పిల్లవి నువ్వు. ఆ బొమ్మల గురించి రాయాలనిపిస్తే విడిగా రాయి. ఇక్కడ అది అలంకారంగా మిగిలిపోయింది.

నేనూ ఈ పొరపాటు చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పూట తీరిక దొరికితే శాన్ మార్కోకి వెళ్లాను. 40కి పైగా గదులున్నాయి, అన్నీ చూసేయాలన్న టెన్షన్‌తో ఒక్క గుమ్మం దగ్గరా కుదురుగా నిలబడలేదు. ఇంటికొచ్చి పెద్ద వ్యాసం రాశాను, అచ్చయింది కూడా. ఏడాది తర్వాత తిరిగి చదువుకుంటే నేను అక్కడికి వెళ్లిన గుర్తే అందులో కనిపించలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఏడో గది దగ్గర ఆగాను. ఆ రోజు ఇంకేమీ చూడలేదు.

ఏడో గది నీ వ్యాసంలో ఉంది, ఒకటిన్నర వాక్యంలో. "సైనికులు క్రీస్తును అవమానించే దృశ్యం" అన్నావు. మళ్లీ చూడు తల్లీ, అక్కడ సైనికులు లేరు. క్రీస్తు ఎత్తైన పీఠం మీద తెల్లని బట్టల్లో కూర్చుని ఉంటాడు. కళ్లకు పల్చటి గుడ్డ కట్టి ఉంటుంది, ఎంత పల్చన అంటే దాని వెనక కళ్లు తెలుస్తుంటాయి. ఆయన చుట్టూ గాల్లో చేతులు. కొట్టబోయే చేయి ఒకటి, కర్ర పట్టుకున్న చేయి ఒకటి. ఉమ్మేస్తున్న తల ఒకటి, ఆ తల మీది టోపీని ఎత్తి పట్టుకున్న చేయి ఇంకొకటి. వాటికి ఒళ్లు లేదు, కాళ్లు లేవు. కింద మెట్టు దగ్గర ఒక పక్క మరియమాత చెంపకు చేయి ఆనించుకుని కూర్చుంది, ఇంకో పక్క ఆ సంఘాన్ని స్థాపించిన డొమినిక్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుతున్నాడు. ఇద్దరిలో ఎవరూ తలెత్తి పైకి చూడటం లేదు.

ఫ్రా ఆంజెలికో సైనికుల్ని గీయలేక మానేశాడని అనుకోవడానికి లేదు. కింద సన్యాసుల సమావేశ మందిరంలో గోడంతా పరుచుకున్న సిలువ బొమ్మ చూశావు కదా, ఎంత మంది మనుషులు! ఈ గదిలో ఉండేది ఒక్క సన్యాసి. ఆ కథ అతనికి కంఠతా వచ్చు. రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి ఆ బొమ్మతోనే బతకాలి. అతనికి కథ మళ్లీ చెప్పక్కర్లేదు, తలుచుకోవడానికి పట్టు దొరికితే చాలు. అందుకే చేతులుంచి మనుషుల్ని తీసేశాడని నాకనిపిస్తుంది. పుస్తకం చదువుకునే ఆ డొమినిక్ స్థానంలో గదిలోని మనిషి తనను చూసుకుంటాడు. ఆంజెలికో కూడా అదే సంఘంలో సన్యాసి, ఆ జీవితం అతనికి పైనుంచి చూసింది కాదు.

మెట్లెక్కగానే ఎదురయ్యే మంగళవార్త బొమ్మనీ (క్రీస్తు పుడతాడని దూత మరియకు చెప్పే ఘట్టం), మూడో గదిలోని మంగళవార్తనీ పక్కపక్కన పెట్టి చూసినా ఇదే తెలుస్తుంది. మెట్ల దగ్గరిది అందరూ వస్తూ పోతూ చూసేది. అందులో పూల తోట, కంచె, స్తంభాలు, గబ్రియేలు దూతకు రంగురంగుల రెక్కలు. ఇటుగా వెళ్లేవాళ్లు మరియమ్మకు వందనం చెప్పడం మరవొద్దని కింద లాటిన్‌లో రాసి కూడా ఉంది. మూడో గదిలో తోట లేదు, కంచె లేదు. వట్టి గోడలు, దూత, మోకరిల్లిన మరియ, ఓ మూల చేతులు జోడించి నిలబడ్డ సన్యాసి ఒకడు. అదే కథ, చెప్పేవాడూ అతనే. చూసేవాడు మారాడు కాబట్టి బొమ్మ మారింది. నువ్వు ఎవరి కోసం రాస్తున్నావో నాకు ఈ వ్యాసంలో తెలియలేదు. మీ అమ్మ కోసమా? నీతో కాలేజీలో చదివిన స్నేహితురాలి కోసమా? ఒక్కరిని ఎంచుకో. వాళ్లకు తెలిసిన సంగతులు వాటంతట అవే రాలిపోతాయి.

ఇంకో సంగతి. ఈ గోడ బొమ్మలు, అంటే ఫ్రెస్కోలు, ఎలా వేస్తారో నువ్వు రాయలేదు, రాయాల్సింది. గోడ మీద ఆ రోజు పూర్తి చేయగలిగినంత మేరకే తడి సున్నపు పూత పూస్తారు. అది ఆరకముందే నీళ్లలో కలిపిన రంగు వేసేయాలి. సున్నం గాలి పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది, రంగు అందులోనే బిగుసుకుపోతుంది. తప్పు వస్తే ఆ ముక్క చెక్కేసి, కొత్త పూత వేసి, మొదట్నుంచి వేయాలి. ఆ పూటకి పూసినంత భాగాన్ని ఇటలీవాళ్లు 'జొర్నాతా' అంటారు, అంటే రోజుపని. వెలుతురు వాటంగా పడితే ఒక రోజుపనికీ ఇంకో రోజుపనికీ మధ్య అతుకు గీత కనిపిస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో సంక్రాంతికి గోడలకు సున్నం వేసేవాళ్లు. తడిగా ఉన్నప్పుడు ఏమీ వేయనట్టే ఉండేది, సాయంత్రానికి తెల్లగా తేలేది. ఫ్రెస్కోలో రంగు కూడా ఆరాక లేతబడుతుంది. వేసేటప్పుడే ఆ ఆరిన రంగు చిత్రకారుడి మనసులో ఉండాలి.

నువ్వు ఒక్క రాత్రిలో పదకొండు పేజీలు రాశానని గొప్పగా చెప్పావు. రాయడం తేలిగ్గా సాగడం మంచిదే, నేను కాదనను. కానీ ఆరో పేజీ దగ్గర నీ చేయి అలిసిపోయిందని చదివేవాళ్లకు తెలుస్తోంది. రోజుకి ఎంత పూత పూయగలవో అంతే పూసుకో. నాకైతే అది పేజీన్నర. అంతకు మించి రాసిందాన్ని మర్నాడు ఎప్పుడూ చెక్కేయాల్సే వచ్చింది.

కొత్తగా చేరిన సన్యాసుల గదుల వైపు వెళ్లావా? నీ వ్యాసంలో లేవు. అక్కడ గది తర్వాత గదిలో దాదాపు ఒకే బొమ్మ: సిలువ, దాని కింద డొమినిక్. ఒకచోట మోకరిల్లి ఉంటాడు, ఒకచోట తనను తాను కొరడాతో కొట్టుకుంటుంటాడు, ఒకచోట చేతులు జోడిస్తాడు. చూడటానికి వచ్చినవాళ్లు విసుగొచ్చి అక్కడ నడక పెంచుతారు. కొత్తవాళ్ల గదుల్లోనే అలా ఎందుకు వేశారో ఆలోచించు. నువ్వూ కొత్తగా మొదలుపెట్టినదానివే కాబట్టి ఆ వరుస నీకు నాకంటే బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

మిలన్ నుంచి ఫ్లోరెన్స్ రైల్లో రెండు గంటలే కదా. మామూలు రోజు పొద్దున్నే తెరవగానే వెళ్లు. లైబ్రరీ హాలు, చిత్రకారుడు గిర్లాందాయో వేసిన క్రీస్తు కడరా భోజనం బొమ్మ, సవొనరోలా గదులు ఈసారి వదిలేయి. అవి ఎక్కడికీ పోవు. ఫోను సంచిలో పెట్టి ఏడో గది గుమ్మం దగ్గర అరగంట నిలబడు. చేతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, ఏ చేయి ఏం చేస్తోందో నోటుబుక్కులో రాసుకో. తర్వాత బయట చెట్టున్న మండువా అరుగు మీద కూర్చుని, కిటికీ వెలుతురు తప్ప ఏమీ కనిపించని ఆ మొదటి నిమిషం నుంచి మొదలుపెట్టు.

ఈ ఉత్తరానికి జవాబు తొందరపడి రాయకు. వెళ్లి వచ్చాక ఆ పేజీన్నర పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న