పాత హెచ్‌ఎంటీ గడియారాల్లో ఏది మళ్లీ రావాలి?

ఈ ప్రశ్నకు చాలామంది అభిమానులు నల్లని డయలున్న పైలట్‌ను గాని, నిరాడంబరమైన జనతాను గాని చెబుతారు. నేను మాత్రం బ్రెయిలీ గడియారమే ముందు రావాలంటాను. జపాన్‌కు చెందిన సిటిజన్ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ, చూపులేనివారి కోసం చేసిన ఈ గడియారానికి అద్దం మూతలా పైకి తెరుచుకుంటుంది. డయలు మీది ఉబ్బెత్తు చుక్కలను, ముళ్లను వేలికొసతో తడిమి వేళ తెలుసుకోవచ్చు. కీ ఇస్తే నడిచేది కనుక బ్యాటరీ అక్కరలేదు. పైగా మాట్లాడే గడియారంలా నలుగురిలో చప్పుడు చేయదు, ఇది చిన్న సుఖం కాదు. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది. పైలట్ మళ్లీ వస్తే పాత గడియారాలు సేకరించేవారు సంతోషిస్తారు, నేనూ సంతోషిస్తాను. బ్రెయిలీ గడియారం వస్తే, రోజూ దాని అవసరం ఉన్నవారి చేతికి చేరుతుంది.