అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి చెరువులో ఎక్కువ నీళ్లు ఆపుకోవచ్చా?

చెరువు నిండాక నీళ్లన్నీ అలుగు మీంచి పోతుంటే మనసు ఒప్పదు, నిజమే. కానీ బస్తాలు అడ్డం పెట్టి ఇంకో రెండడుగులు ఆపాలన్న ఆలోచన దయచేసి మానుకోండి. చిన్న మట్టికట్టల మరమ్మతు పనుల్లో చాలాకాలం ఉన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అలుగు మట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య ఉన్న ఖాళీ ఊరికే వదిలింది కాదు. పెద్ద వానకు అలుగు మీద పారే నీటి లోతు, గాలికి లేచే అలలు, రెండూ అందులోనే ఇమడాలి. బస్తాలు పేరిస్తే తగ్గేది ఆ ఖాళీయే. నీళ్లు కట్ట మీంచి పొర్లాయంటే వెనకవైపు మట్టిని కోసేస్తాయి, చూస్తుండగానే గండి పడుతుంది. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 డ్యాం తెగింది ఇలాగే. గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చి మట్టికట్టల మీంచి పొర్లింది, దిగువన మోర్బీ పట్టణం కొట్టుకుపోయింది.

బస్తాలు వేసిన ఒక చెరువు దగ్గర రాత్రి వానలో నేనున్నాను. నీళ్లు కట్ట అంచుకు జానెడు దూరంలోకి వచ్చేశాయి. కుర్రాళ్లు నడుముకు తాళ్లు కట్టుకుని ఆ ప్రవాహంలో దిగి, తడిసి బండల్లా బరువెక్కిన బస్తాలు లాగారు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఎక్కువ నీళ్లు కావాలంటే ఎండాకాలంలో పూడిక తీయించండి. ఆ ఒండ్రు పొలాలకు బలం. అయితే కట్ట మొదలు ఆనుకుని తవ్వకూడదు, కట్ట జారుతుంది. అడుగున బంకమట్టి పొరను కూడా మొత్తం తీసేయకండి, కింద ఇసుక ఉంటే నీళ్లు నిలవవు. కొంత ఇంకడం మాత్రం మంచిదే. దిగువ బావుల్లో, బోర్లలో ఊరేది ఆ నీరే. అలుగు పారిన నీళ్లు కూడా వృథా కావు, మీ చెరువు గొలుసుకట్టులో, అంటే ఒకదాని దిగువన ఒకటిగా ఉన్న చెరువుల వరసలో ఉంటే కింది చెరువు వాటితోనే నిండుతుంది. పైగా మీరు మట్టం పెంచితే ఎగువ పొలాలు మునుగుతాయి, గొడవలు మొదలవుతాయి.

వానాకాలంలో కట్ట వెనకవైపు తప్పకుండా నడిచి చూడండి. తేట నీరు కొద్దిగా ఊరుతుంటే కంగారు లేదు, ఊట పెరుగుతోందేమో గమనిస్తే చాలు. అదే నీరు బురదగా వస్తుంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. వెంటనే దిగువ వాళ్లను హెచ్చరించి, ఇంజినీరుకు కబురు చేసి, తూము తెరిచి నీటిమట్టం దించాలి. ఎంత వేగంగా దించాలో ఆయన్నే అడగండి, మట్టం మరీ తొందరగా పడిపోతే కట్టకు చెరువువైపున తడిసిన వాలు జారిపోతుంది.