ఉప్పునీటిలో కరెంటు పంపితే సోడియం ఎందుకు రాదు?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఉప్పు నిండా అయాన్లే (ప్లస్ లేదా మైనస్ ఆవేశం ఉన్న కణాలే) ఉంటే పొడి ఉప్పులో కరెంటు ఎందుకు పారదు? ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే (అంటే కరెంటు పంపి రసాయన మార్పు తెస్తే) కాథోడ్ (ద్రావణానికి ఎలక్ట్రాన్లు అందించే కడ్డీ) దగ్గర సోడియం బదులు హైడ్రోజన్ ఎందుకు వస్తుంది? రెండో కడ్డీ అయిన ఆనోడ్ ప్లస్సా, మైనస్సా? నేను పదో తరగతి పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. ఈ మూడూ ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి. చాలావరకు ఒకే అపోహ వల్ల వస్తాయి: కరెంటు వచ్చి ఉప్పును అయాన్లుగా విడగొడుతుందని పిల్లలు అనుకుంటారు. విడగొట్టదండీ. అయాన్లు ముందే ఉన్నాయి. వాటిని చెరో వైపుకు లాగడం, ఎలక్ట్రోడ్ల (అంటే ఆ రెండు కడ్డీల) దగ్గర ఎలక్ట్రాన్లు ఇవ్వడం, తీసుకోవడం జరిపించడం, బ్యాటరీ చేసేది ఇంతే.

సోడియం క్లోరైడ్ బొమ్మ గీయమంటే చాలామంది ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా గీస్తారు. నిజానికి స్ఫటికంలో అలాంటి జంటలు లేవు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ 6 క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ 6 సోడియం అయాన్లు, అన్ని దిక్కులకూ అదే వరస. ఆవేశాలున్నాయి గానీ, ఏ అయానూ తన చోటు వదిలి కదల్లేదు. కదలకపోతే కరెంటు లేదు. 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ఉప్పు ద్రవంగా మారుతుంది, అప్పుడు అయాన్లకు కదలిక వస్తుంది. నీళ్లలో వేసినా అంతే, నీటి అణువులు ఒక్కో అయాన్‌ను చుట్టుముట్టి బయటికి లాగేస్తాయి. పంచదార కూడా నీళ్లలో చక్కగా కలిసిపోతుంది, కానీ బల్బు వెలగదు. అందులో విడివడేవి మామూలు అణువులు, అయాన్లు కావు.

ఇంకొక్క మాట. వైర్లలో పారేవి ఎలక్ట్రాన్లు, ద్రావణంలో నడిచేవి అయాన్లు. ఎలక్ట్రాన్లు కాథోడ్ నుంచి నీళ్లలో ఈదుకుంటూ ఆనోడ్‌కు చేరవు. ఇది స్పష్టంగా లేకపోతే తర్వాతి భాగమంతా బట్టీ పట్టాల్సి వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. సమీకరణం రాసేముందు పాత్రలో ఏమేం ఉన్నాయో జాబితా రాయమని నేను పట్టుబడతాను. వేడితో ద్రవంగా మార్చిన ఉప్పయితే జాబితాలో రెండే: సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు. కాబట్టి కాథోడ్ దగ్గర సోడియం, ఆనోడ్ దగ్గర క్లోరిన్, పోటీయే లేదు. ఉప్పునీరయితే జాబితాలో నీరు కూడా ఉంది. దాన్ని పిల్లలు మర్చిపోతారు, ఎందుకంటే అది వాళ్ల దృష్టిలో ఉప్పును కలుపుకోవడానికి వాడిన ద్రవం మాత్రమే.

కాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్ తీసుకోగలిగేవి రెండు: సోడియం అయాన్, నీరు. సోడియం అయాన్ ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్ తీసుకోవడం ఎంత తేలికో చెప్పే కొలత, ఎంత మైనస్ అయితే అంత కష్టం) మైనస్ 2.71 వోల్టులు. నీరు హైడ్రోజన్‌గా మారడానికి క్షార ద్రావణంలో కూడా ఆ విలువ మైనస్ 0.83 మాత్రమే. అంటే ఎలక్ట్రాన్లు తీసుకోవడం సోడియం కన్నా నీటికే చాలా తేలిక. నీరు ఎలక్ట్రాన్లు తీసుకుని హైడ్రోజన్ వాయువును వదులుతుంది, హైడ్రాక్సైడ్ అయాన్లు మిగులుతాయి. సోడియం అయాన్లు సోడియం అయాన్లుగానే ఉండిపోతాయి. చివరికి ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది.

‘ముందు సోడియం ఏర్పడి, వెంటనే నీటితో చర్య జరిపి హైడ్రోజన్ ఇస్తుంది’ అని రాసేవాళ్లు ఉన్నారు. నేను దానికి మార్కు వెయ్యను. నీరే నేరుగా ఎలక్ట్రాన్లు తీసుకోగలిగినప్పుడు మధ్యలో సోడియాన్ని తెచ్చి పెట్టక్కర్లేదు. (పాదరసం కాథోడ్‌గా వాడితే మాత్రం కథ మారుతుంది, సోడియం పాదరసంలో కలిసి అమాల్గమ్ అవుతుంది. పరిశ్రమల్లో ఆ పద్ధతి చాలాకాలం నడిచింది. పరీక్షకు అవసరం లేదు.)

మీకు వచ్చిన సందేహం ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి ఎదురైన చిక్కే. పొటాష్‌ను (పొటాషియం హైడ్రాక్సైడ్‌ను) నీళ్లలో కలిపి కరెంటు పంపితే ఆయనకు దొరికినవి హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. 1807లో నీటిని పక్కనపెట్టి, పొటాష్‌నే ద్రవంగా మార్చి కరెంటు పంపాక పొటాషియం దొరికింది. వెంటనే కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) నుంచి సోడియం కూడా తీశాడు. అంటే జాబితాలోంచి నీటిని కొట్టేశాడన్నమాట.

ఆనోడ్ వైపు కొంచెం తిరకాసు ఉంది. పొటెన్షియల్ పట్టిక చూస్తే క్లోరిన్ కన్నా ఆక్సిజనే తేలిగ్గా రావాలి. కానీ ఎలక్ట్రోడ్ మీద ఆక్సిజన్ విడుదల కావడానికి పట్టిక చెప్పేదానికన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే గాఢ ఉప్పునీటిలో క్లోరిన్ వస్తుంది, బాగా పలచనైతే ఆక్సిజన్ ఎక్కువ వస్తుంది. ప్రశ్నలో ‘గాఢ’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

ఇదంతా నేను 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిల్ ముల్లులతో చూపిస్తాను. ఉప్పునీటిలో నాలుగు చుక్కలు ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకు తిరిగే సూచిక) వేస్తే కాథోడ్ చుట్టూ గులాబీ రంగు పాకుతుంది. హైడ్రాక్సైడ్ గురించి ఎంత చెప్పినా ఎక్కనిది ఆ రంగు చూడగానే ఎక్కుతుంది. ఆనోడ్ దగ్గర వచ్చేది క్లోరిన్, అది విషవాయువు. కిటికీలు తీసి, ఒకట్రెండు నిమిషాల్లో ఆపేయాలి. గోడ ప్లగ్గు జోలికి అస్సలు పోకూడదు.

పెన్సిల్ ముల్లు బదులు ఇనుప మేకు పెడతానని ఎవరో ఒకరు అంటారు. పెడితే ఆనోడ్ మేకే అరిగిపోయి నీళ్లు మురికిగా అవుతాయి. కాబట్టి జాబితాలో ఎలక్ట్రోడ్ పేరు కూడా ఉండాలి. కాపర్ సల్ఫేట్ ప్రశ్నలన్నీ దీనిమీదే తిరుగుతాయి. రెండు కార్బన్ కడ్డీలు పెడితే కాథోడ్ మీద రాగి పేరుకుంటుంది, ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ వస్తుంది, నీలం రంగు పలచబడుతుంది. రాగి రేకులు పెడితే ఆనోడ్ రాగే ఎలక్ట్రాన్లు వదిలి అయాన్లుగా ద్రావణంలోకి దిగుతుంది. అటు దిగినంత ఇటు పేరుకుంటుంది కాబట్టి నీలం రంగు మారదు. రాగిని శుద్ధి చేసేది ఈ పద్ధతిలోనే.

మూడో ప్రశ్నకు, ఆనోడ్ ప్లస్సా మైనస్సా అన్నదానికి, జవాబు చిన్నది. ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లు వదలడం) జరిగే చోటు ఆనోడ్, ఎప్పుడైనా సరే. విద్యుద్విశ్లేషణలో అది బ్యాటరీ ప్లస్‌కు కలిపి ఉంటుంది, బ్యాటరీ తానే కరెంటు ఇస్తున్నప్పుడు దాని ఆనోడ్ మైనస్. గుర్తును కాకుండా పనిని పట్టుకోండి.

పొటాషియం అయొడైడ్ ద్రావణం, కార్బన్ ఎలక్ట్రోడ్లు. జాబితా రాసి, ఏ ఎలక్ట్రోడ్ దగ్గర ఏం వస్తుందో, ఆనోడ్ దగ్గర ద్రావణం ఏ రంగుకు తిరుగుతుందో మీరే చెప్పండి. కింద రాయండి, చూస్తాను.