లేజర్ పెడితే లోపల కాలిపోదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నకు 66 ఏళ్లు, రొయ్యల చెరువులు చేస్తారు. అన్నవాహికలో క్యాన్సర్ గడ్డ అడ్డుపడి గంజి కూడా దిగడం లేదు. ఆపరేషన్‌కు తట్టుకోలేరన్నారు. మందు ఎక్కించి లేజర్ కాంతి పెట్టే ఫోటోడైనమిక్ చికిత్స గురించి హైదరాబాద్‌లో చెప్పారు. లోపల కాలిపోదా? ఎంత కాంతి పడిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: కాలదండీ, ఇది మాడ్చే లేజర్ కాదు. పోర్ఫిమర్ అనే మందును నరానికి ఎక్కిస్తారు. 40–50 గంటలు గడిచాక గడ్డ మీద 630 నానోమీటర్ల ఎర్ర కాంతి వేస్తారు. కాంతి తగిలిన మందు అక్కడి ఆక్సిజన్‌ను విషంగా మార్చి గడ్డ కణాలను చంపుతుంది. ఆక్సిజన్ అయిపోతే పనీ ఆగిపోతుంది. చెరువు నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్లు తిప్పే మీ నాన్నగారికి ఈ ముక్క నేను చెప్పక్కర్లేదు. కాంతి ఒక్కసారిగా గుమ్మరించకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఎండోస్కోపీ గొట్టంలోంచి పంపే సన్నటి ఫైబర్ కొస, చిన్న ట్యూబ్‌లైట్‌లా చుట్టూ వెలుగుతుంది. సెంటీమీటరు పొడవుకు 400 మిల్లీవాట్ల చొప్పున పన్నెండున్నర నిమిషాలు, అంటే 300 జౌల్స్ కాంతి శక్తి. మెషీన్ మీద కనిపించే అంకె వేరు, ఫైబర్ కొసన వచ్చే కాంతి వేరు. అందుకే లోపలికి పంపేముందు ఆ కొసను బోలు గోళం లాంటి మీటర్‌లో పెట్టి కొలుస్తారు. మీ డాక్టర్‌ను ఈ సంగతి అడగండి, మొహమాటపడొద్దు.

అయినా లాకుల దగ్గర వదిలిన నీరంతా శివారు చేలకు అందదు కదా! ఎర్ర కాంతి కండలో అర సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరు దిగుతుంది. ఫైబర్‌కు రక్తం అంటుకుంటే అదీ తగ్గుతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ ఎండోస్కోపీ చేసి, చచ్చిన కండ తీసి, అందని చోట ఉంటే ఇంకోసారి కాంతి పెడతారు. ఆ కొద్దిరోజులు వాపుతో ఛాతీనొప్పి, మింగడంలో ఇబ్బంది పెరగొచ్చు. ఇది దారి తెరవడానికే, జబ్బు మొత్తం పోతుందని ఆశపడకండి.

అసలు కష్టం ఇంటికొచ్చాక. కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. సన్‌స్క్రీన్ పనిచేయదు, ఎండలోని కంటికి కనిపించే వెలుగే చర్మాన్ని కాలుస్తుంది. చెరువు నీటి మీది తళుకు కూడా ప్రమాదమే. ఊరికి రాత్రి ప్రయాణంలో తీసుకురండి. అలాగని చీకటిగదిలో పెట్టొద్దు. ఇంట్లో ఉండే మామూలు వెలుతురు చర్మంలోని మందును మెల్లగా విరిచేస్తుంది.

నీళ్లు తాగగానే దగ్గు వస్తోందా? ఈ సంగతి ముందే చెప్పండి. అన్నవాహికకు, ఊపిరిగొట్టానికి మధ్య రంధ్రం పడి ఉంటే ఈ చికిత్స చేయరు.