వెనక నిలబడ్డవాళ్ళ లెక్క

(ఆటల ప్రశ్నలు – జవాబులు)

పోయిన సంచికలో ఇదే పేజీలో ఒక మాటన్నాను. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ పాత డిఫెండర్లలో, అంటే గోల్‌కి కాపలాగా వెనక ఆడేవాళ్ళలో, ఫ్రాన్స్ ఆటగాడు లోరాన్ కోసియెల్నీకి దక్కాల్సిన గౌరవం దక్కలేదని. ఈమధ్య ఈ శీర్షికలో దేనికీ ఇన్ని ఉత్తరాలు రాలేదు. ఒప్పుకున్నవాళ్ళు కొద్దిమంది, మండిపడ్డవాళ్ళే ఎక్కువ. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆ క్లబ్బు డిఫెండర్లకే.

ప్రశ్న: కోసియెల్నీని ఎలా పొగుడుతారండీ? కెప్టెన్ అయ్యుండి జట్టుతో అమెరికా టూరుకి రానన్నాడు. ఫ్రెంచ్ క్లబ్బు బోర్డోలో చేరుతూ ఆర్సెనల్ జెర్సీ విప్పి, లోపలున్న బోర్డో జెర్సీ చూపిస్తూ వీడియో చేశాడు. అభిమాని గుండె మండదా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మండుతుంది. 2019 ఆగస్టులో ఆ వీడియో చూసినప్పుడు నాకూ మండింది. తొమ్మిదేళ్ళు వేసుకున్న జెర్సీని అలా విప్పకూడదు. ఇందులో మీకూ నాకూ పేచీ లేదు. కానీ మీ ఉత్తరం ఆ వీడియోతో మొదలై ఆ వీడియోతోనే అయిపోయింది. ఆయన ఆర్సెనల్‌కి ఆడినవి 353 మ్యాచ్‌లు. వాటి మాటేమిటి?

2010లో లోరియాన్ నుంచి వచ్చాడు. అంతకు కొన్నేళ్ళ ముందు గాంగాంప్, టూర్ లాంటి క్లబ్బుల్లో, ఫ్రాన్స్ రెండో డివిజన్లో ఆడుతున్నవాడు. వచ్చిన మొదటి సీజన్లోనే, 2011 ఫిబ్రవరి 16న, బార్సిలోనా లండన్‌కి వచ్చింది. ఆ రాత్రి మెస్సీకి గోల్ లేదు. ఆర్సెనల్ 2–1తో గెలిచింది. కోసియెల్నీ ఎక్కడా తొందరపడి కాలు చాచలేదు. మెస్సీ బంతిని ముందుకు తోసేదాకా ఆగి, అప్పుడు మధ్యలో దూరాడు.

సరిగ్గా పదకొండు రోజుల తర్వాత వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్. ఎదురుగా బర్మింగ్‌హామ్, స్కోరు 1–1, 89వ నిమిషం. పెనాల్టీ బాక్సులోకి ఒక మామూలు బంతి వచ్చింది. కోసియెల్నీ తన్నబోయాడు, గోల్‌కీపర్ షెజ్నీ పట్టుకోబోయాడు. ఇద్దరి మధ్యా బంతి జారి ఒబాఫెమి మార్టిన్స్ కాళ్ళ దగ్గర పడింది. ముందు ఖాళీ గోల్. నేను కాలేజీ జట్టుకి స్టాపర్‌గా, అంటే మధ్య డిఫెండర్‌గా, ఆడినవాణ్ణి. ఆ క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కీపర్ ముందుకొస్తే గట్టిగా అరవాలి, అరుపు వినబడకపోతే బ్యాక్ (డిఫెండర్) బంతిని గ్రౌండ్ బయటికి తన్నెయ్యాలి. ఈ పాఠం అందరికీ మొదటి వారంలోనే చెబుతారు. అయినా ప్రపంచంలో ఏ గ్రౌండులో చూసినా ఈ తప్పు జరుగుతూనే ఉంటుంది. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టి పదకొండోది కొడితే హీరో. బ్యాక్ వంద బంతులు ఆపి నూటొకటోది వదిలితే ఆ ఒక్కటే పేరు పక్కన మిగిలిపోతుంది. ఈ అన్యాయం గురించే నేను పోయినసారి రాసింది.

ఆ తర్వాత ఏం చేశాడో చూడండి. 2012 మే, సీజన్లో చివరి మ్యాచ్, వెస్ట్ బ్రామ్ మీద 3–2. గెలిపించిన గోల్ ఆయనదే. మూడో స్థానం దక్కింది, ప్రత్యర్థి టాటెన్‌హామ్ కంటే ఒక్క పాయింటు ఎక్కువ. మరుసటేడు మళ్ళీ చివరి మ్యాచ్, న్యూకాజిల్ మీద 1–0. ఆ ఒక్క గోలూ కోసియెల్నీదే. నాలుగో స్థానం, మళ్ళీ టాటెన్‌హామ్ కంటే ఒక్క పాయింటే ఎక్కువ. 2014లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్. హల్ సిటీ ఎనిమిది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టేసింది, గిబ్స్ గీత దగ్గర ఆపకపోతే మూడోది కూడా పడేదే. కాజోర్లా ఫ్రీకిక్‌తో ఒకటి తిరిగొచ్చింది. రెండోది కార్నర్ నుంచి కోసియెల్నీ కొట్టాడు, కొడుతూ కీపర్‌ని గుద్దుకుని కింద పడ్డాడు. తొమ్మిదేళ్ళ కరువు తీర్చిన కప్పు అది. చివరికి గెలిపించిన రామ్సీ గోల్ అందరికీ గుర్తుంది. దానికి దారి వేసిన గోల్ ఎంతమందికి గుర్తుంది?

2018 మేలో మాడ్రిడ్‌లో అట్లెటికో మీద యూరోపా లీగ్ సెమీఫైనల్ ఆడుతూ, మ్యాచ్ మొదట్లోనే మడమ వెనక స్నాయువు తెగి కుప్పకూలాడు. రెండు నెలలకి ఫ్రాన్స్ ప్రపంచ కప్ గెలిచింది, ఆయన లేకుండా. ముప్పై మూడేళ్ళ వయసులో ఆ కాలితోనే తిరిగొచ్చి ఇంకో అర సీజన్ ఆడాడు. ఒప్పందం ఏడాది మిగిలుండగా వెళ్ళిపోతానన్నాడు, క్లబ్బు ఒప్పుకోలేదు, గొడవైంది. వెళ్ళిన తీరు తప్పే. ఆ తప్పుని దాని బరువు మేరకే తూయండి.

ప్రశ్న: నేను 2004లో పుట్టాను. టోనీ ఆడమ్స్ లాంటివాడు మళ్ళీ పుట్టడని మా నాన్నగారు అంటారు. నిజమా, పాత రోజుల మీద మమకారమా? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ నాన్నగారి మాటే నా మాట. 1988లో, ఇరవై ఒక్కేళ్ళకి కెప్టెన్ అయ్యాడు. 1989, 1991, 1998, 2002 – నాలుగు లీగ్ టైటిళ్ళు, నాలుగింటికీ కెప్టెన్ ఆయనే. ఎనభైలు, తొంభైలు, రెండువేలు, మూడు దశాబ్దాల్లోనూ. ఒక్క క్లబ్బుకి 669 మ్యాచ్‌లు ఆడాడు.

నాన్నగారు చెప్పి ఉండని సంగతులూ కొన్నున్నాయి. 1989 ఏప్రిల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆడమ్స్ ఒక గోల్ కొట్టి, తర్వాత సొంత గోల్ వేసుకున్నాడు. మ్యాచ్ 1–1. మర్నాడు ఒక లండన్ పత్రిక ఆయన ఫోటోకి గాడిద చెవులు తగిలించి అచ్చేసింది. ఆ తర్వాత ఎదుటి జట్ల గ్రౌండ్లలో ఏళ్ళ తరబడి గాడిద కూతలే. ఆ సీజన్ లీగ్ టైటిల్ మే 26న లివర్‌పూల్ గ్రౌండులో 2–0తో గెలిచి ఎత్తుకుంది ఆయన జట్టే. 1990 డిసెంబరులో తాగి కారు నడిపినందుకు జైలుకి వెళ్ళాడు. 1996లో తను తాగుడుకి బానిసనని అందరి ముందూ చెప్పాడు. తర్వాత తాగుడు మానేసి ఆడాడు, తనలా ఇబ్బంది పడే ఆటగాళ్ళ కోసం స్పోర్టింగ్ ఛాన్స్ అనే వైద్య సంస్థ పెట్టాడు.

1998 మే 3న ఎవర్టన్ మీద నాలుగో గోల్ దొరికితే చూడండి. స్టీవ్ బౌల్డ్ మధ్యలోంచి బంతిని పైకి లేపి వేశాడు, ఆడమ్స్ పరిగెత్తుకెళ్ళి ఎడమ కాలితో కొట్టాడు. ఒక సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) ఇచ్చిన పాస్, ఇంకో సెంటర్ బ్యాక్ కొట్టిన గోల్! చేతులు చాచి నిలబడ్డ ఆ భంగిమే ఇప్పుడు స్టేడియం బయట విగ్రహం.

అయితే మీ నాన్నగారితో ఒక్క విషయంలో వాదించండి. ఆడమ్స్‌ని విడిగా తీసి పొగడకూడదు. కుడివైపు లీ డిక్సన్, ఎడమవైపు నైజల్ వింటర్‌బర్న్, మధ్యలో బౌల్డ్, తర్వాత మార్టిన్ కియోన్. కోచ్ జార్జ్ గ్రాహం ప్రాక్టీసులో నలుగురి చేతా ఒకే తాడు పట్టించి, ఒకరు కదిలితే అందరూ కదిలేలా నడిపించేవాడని చెబుతారు. 1990–91లో 38 మ్యాచ్‌ల్లో ఆ జట్టు మీద పడ్డ గోల్స్ 18. ఓడింది ఒక్కటే. ఏ డిఫెండర్‌ని తూచాలన్నా పక్కన ఎవరున్నారో ముందు చూడాలి.

ప్రశ్న: ముస్తాఫీ లాంటి దండగ డిఫెండర్ని ఎప్పుడైనా చూశారా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: 2014లో జర్మనీతో ప్రపంచ కప్ గెలిచినవాడు. ధైర్యం ఉంది, హెడ్డింగ్ బాగుంది. నిలబడాల్సిన చోట కింద పడి జారే అలవాటు మానుకోలేదు. ఆర్సెనల్ స్థాయికి సరిపోలేదు, అంతవరకు ఒప్పుకుంటాను. దండగ అనే మాట ఏ ఆటగాడి మీదా ఈ పేజీలో వాడను.

ప్రశ్న: మెర్టెసాకర్ నత్తనడక మనిషి కదా, అంత ప్రేమ ఎందుకు? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆయన వచ్చిన సమయం గుర్తు చేసుకోండి. 2011 ఆగస్టు 28న మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఆర్సెనల్ 8–2తో ఓడింది. మూడు రోజులకి, బదిలీల ఆఖరి రోజున, ఆయన సంతకం పెట్టాడు. పరుగు తక్కువే. అందుకే బంతి ఎక్కడికి వస్తుందో ముందే చూసి అక్కడికి చేరేవాడు.

ఇక 2017 ఎఫ్‌ఏ కప్ ఫైనల్. ఎదురుగా లీగ్ గెలిచిన చెల్సీ. కోసియెల్నీకి రెడ్ కార్డు నిషేధం, గాబ్రియెల్ పౌలిస్తాకి గాయం, ముస్తాఫీ ఆడే స్థితిలో లేడు. మోకాలి గాయంతో సీజన్ అంతా పోగొట్టుకుని, మొదటి పదకొండులో ఒక్కసారీ దిగని మెర్టెసాకర్‌ని నేరుగా ఫైనల్లో దింపారు. పక్కన కుర్రాడు హోల్డింగ్, మరోపక్క మోన్‌రియల్. డియెగో కోస్టా ఒక గోల్ కొట్టాడు, కానీ మిగతా పూటంతా మెర్టెసాకర్ కాలో తలో అడ్డం పడుతూనే ఉంది. 2–1తో గెలిచారు.

మరుసటేడు ఆయనే ఒక జర్మన్ పత్రికకి చెప్పాడు, తన కెరీర్ పొడుగునా మ్యాచ్ మొదలయ్యే ముందు క్షణాల్లో వాంతి వచ్చినట్టుండేదని, ఎవరికీ కనబడకుండా తల పక్కకి తిప్పుకునేవాణ్ణని. ఇది తెలిశాక ఆ ఫైనల్ మళ్ళీ చూడండి. నాకైతే అంతకంటే గొప్ప డిఫెండర్ ఆట గుర్తు రాదు.

ప్రశ్న: ఆష్లీ కోల్‌ని క్షమించారా? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: 2006లో చెల్సీకి వెళ్ళాడు. వారానికి 60 వేల పౌండ్లు అనుకుంటే ఆర్సెనల్ వాళ్ళు 55 వేలే ఇస్తామన్నారని, ఆ మాట విని కారు రోడ్డు దిగిపోబోయిందని తనే పుస్తకంలో రాసుకున్నాడు. అభిమానులు ఆయన బొమ్మతో నకిలీ నోట్లు ఊపారు. కోపం నాకు అర్థమవుతుంది, ఆ పుస్తకంలో మాటలు నాకూ మింగుడుపడలేదు. కానీ 2003–04లో ఒక్క ఓటమీ లేకుండా 38 మ్యాచ్‌లు దాటిన జట్టులో ఎడమ అంచు ఆయనదే. ఆయనంత ఎడమ బ్యాక్‌ని ఆ క్లబ్బులో నేను అటు ముందూ చూడలేదు, ఇటు తర్వాతా చూడలేదు. క్షమించడం వేరే సంగతి. ఆటకి మార్కులు వేసేటప్పుడు జీతం గొడవకి కోత పెట్టను.

ప్రశ్న: గల్లాస్, సెండెరోస్ – ఇద్దరిలో ఎవరు మేలు? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆటలో గల్లాస్. నా అభిమానం సెండెరోస్‌కి. 2008 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో జట్టు ఫార్వర్డ్ ఎడ్వర్డో కాలు విరిగిన రోజున, ఆఖర్లో పెనాల్టీ పడి 2–2 అయితే, కెప్టెన్ గల్లాస్ మ్యాచ్ అయ్యాక గ్రౌండులో ఒంటరిగా కూలబడ్డాడు. కుర్రాళ్ళ జట్టుకి ఆ పూట లేచి నిలబడే మనిషి కావలసింది. సెండెరోస్ పేరెత్తితే చెల్సీ ఫార్వర్డ్ ద్రోగ్బా చేతిలో పడ్డ తిప్పలే చెబుతారు. 2006 చాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌తో రెండు మ్యాచ్‌లు, యువెంటస్‌తో రెండు, నాలుగింట్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇరవై ఒక్కేళ్ళ సెండెరోస్ ఆ నాలుగూ ఆడాడు.

ప్రశ్న: మీ జాబితాలో అందరూ మగవాళ్ళేనా? – డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. అలెక్స్ స్కాట్, ఆర్సెనల్ మహిళల జట్టు కుడి బ్యాక్. 2007లో మహిళల యూఫా కప్ ఫైనల్, స్వీడన్‌లో ఉమెయా జట్టు మీద మొదటి మ్యాచ్, ఇంజురీ టైమ్. దూరం నుంచి ఆమె కొట్టిన గోల్‌తో 1–0. లండన్ పక్కనున్న బోర్‌హామ్‌వుడ్‌లో రెండోది 0–0. రెండు మ్యాచ్‌లకీ కలిపి అదొక్కటే గోల్. ఒక ఇంగ్లిష్ మహిళల జట్టుకి యూరప్ కప్పు అదే మొదటిసారి. ఆ సీజన్లో వాళ్ళు నాలుగు కప్పులూ గెలిచారు. క్లబ్బు లాండ్రీలో మగ ఆటగాళ్ళ బట్టలు ఉతికే పని కూడా చేసిన మనిషి ఆమె. ఆ గోల్‌ని ఆడమ్స్ గోల్ పక్కనే పెడతాను.

ప్రశ్న: లండన్ సంగతులు సరే, మన హైదరాబాద్ బ్యాకులు మీకు కనబడలేదా? – విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ కోపం న్యాయమైనదేనండి. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన అజీజుద్దీన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చారు, తర్వాత కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నారు. వాళ్ళ ఆట మళ్ళీ వేసి చూద్దామంటే వీడియోలు దొరకవు. మీరు కళ్ళారా చూసి ఉంటే, నయీం ఎలా అడ్డం పడేవారో, ఏ కాలు వాడేవారో, ఎవరితో జతగా ఆడేవారో రాసి పంపండి. పేజీ మొత్తం మీకే ఇస్తాను.

ప్రశ్న: ఇంతకీ ఆర్సెనల్ డిఫెండర్లలో మీరు ఎంచుకునే నలుగురు ఎవరు? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: డిక్సన్, ఆడమ్స్, కోసియెల్నీ, కోల్. సోల్ క్యాంప్‌బెల్ ఏడని అడుగుతారు, తెలుసు. టాటెన్‌హామ్ నుంచి నేరుగా వచ్చి, రెండు లీగ్‌లు గెలిచి, 2006 పారిస్ ఫైనల్లో పది మందితో ఆడుతున్నప్పుడు తలతో గోల్ కొట్టినవాణ్ణి పక్కన పెట్టడానికి నాకూ మనసొప్పలేదు. అయితే క్యాంప్‌బెల్, ఆడమ్స్ ఇద్దరూ ఒకే పని చేస్తారు, ఎదురెళ్ళి బంతిని గెలుస్తారు. వాళ్ళ వెనక పడ్డ బంతిని పరిగెత్తి ఏరుకునే మనిషి కావాలి. ఆ పని కోసియెల్నీ కంటే బాగా చేసినవాడు నాకు కనబడలేదు. బెంచి మీద మొదటి పేరు క్యాంప్‌బెల్‌దే, రెండోది కియోన్.

వచ్చే సంచికకి గోల్‌కీపర్లు. సీమన్ మీదా లేమన్ మీదా ఉత్తరాలు ఇప్పటికే వస్తున్నాయి.