వదినతో మూడు నెలలుగా మాటల్లేవు

ప్రశ్న: అమ్మగారూ, మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆ మధ్య మా ఇంట్లో గృహ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర, వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా వదిన (ఆయనకు అక్క) అందరి ముందూ "ఇవి బయట నుంచి తెప్పించినవేగా, ఉద్యోగం చేసే కోడలికి వంటెక్కడ వస్తుంది" అంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండాను. అప్పుడు నోరు మెదపలేదు. రాత్రి పదకొండింటికి మాత్రం పాత విషయాలన్నీ తవ్వి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టేశాను. తర్వాత డిలీట్ చేశాను కానీ అప్పటికే అందరూ చదివేశారు. మూడు నెలలుగా ఆమెతో మాటల్లేవు. నాలుక అదుపులో పెట్టుకోమని సంఘ పెద్దలు అంటున్నారు. అదుపులోనే ఉంచాను, లోపల మాత్రం ఉడికిపోతోంది. దేవుడు కోరేది ఈ మౌనమేనా?
- ఒక సోదరి, బెంగళూరు

జవాబు: తల్లీ, నాలుగింటికి లేచి వండిన మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో నాకు తెలుస్తోంది. బాధపడటం తప్పు కాదు. కానీ ఈ మూడు నెలల మౌనాన్ని నాలుక అదుపు అని మాత్రం నేను అనను. ఎడమొహం పెడమొహంగా ఉండటం కూడా ఆమెను రోజూ ఒక మాట అంటున్నట్టే.

బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయం ఈ రాత్రి నెమ్మదిగా చదవండి. నాబాలు అనే ధనవంతుడు, తిండి అడగడానికి వచ్చిన దావీదు మనుషులను అవమానించి పంపేశాడు. దావీదు 400 మందిని వెంటబెట్టుకుని కత్తి కట్టి బయల్దేరాడు. సంగతి చెవిన పడగానే నాబాలు భార్య అబీగయీలు క్షణం ఆలస్యం చేయలేదు. 200 రొట్టెలు, వండి సిద్ధం చేసిన ఐదు గొర్రెలు, ఇంకా ఎన్నో గాడిదల మీద వేయించి, దావీదుకు దారిలోనే ఎదురెళ్లి సాష్టాంగపడింది. ముక్తసరిగా ఒక మాట అని ఊరుకోలేదు, ఆమె మాటలే చాలా వచనాలున్నాయి. ఇంటికొచ్చేసరికి భర్త విందు చేసుకుని తప్పతాగి ఉన్నాడు. ఆ రాత్రి అతనితో ఏమీ చెప్పలేదు. తెల్లారి, మత్తు దిగాక, జరిగిందంతా చెప్పింది. దాచలేదు చూడండి. ఒకచోట పరుగెత్తింది, ఒకచోట ఆగింది, రెండుచోట్లా నిజమే చెప్పింది. యాకోబు పత్రికలో కూడా మాట్లాడటానికి నిదానించమనే ఉంది, మానేయమని లేదు.

మీరు వదినకు చెప్పాల్సిన మాట వదినకు చెప్పలేదు. ఒళ్లు అలిసి, మనసు మండుతున్న వేళ ఊరందరికీ చెప్పారు.

నేనూ ఇలాంటి తప్పు చేసినదాన్నే. ఇక్కడ చెన్నైలో, పెరంబూరులో, మా సంఘం ప్రేమవిందుకు ఒకసారి మా తోడికోడలు పెద్ద గిన్నెడు పులిహోర చేసి తెచ్చింది. నేను నోట్లో పెట్టుకుని "ఉప్పు బస్తా కుమ్మరించావా ఏంటే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె ఏమీ అనలేదు. మూత వెతికి గిన్నె మీద పెట్టింది. అది సరిగ్గా కూర్చోకపోతే అరచేత్తో నొక్కింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత రెండేళ్లు ప్రేమవిందుకు ఆమె చేతి వంట రాలేదు. మీ మాటలు ఉప్పు వేసినట్టు రుచిగా, కృపతో ఉండాలని పౌలు కొలొస్సయులకు రాసినది ఎన్నిసార్లు చదివానో, ఆమె ఇంటికి వెళ్లడానికి మాత్రం అంతకాలం పట్టింది. వంటింటి గుమ్మంలో నిలబడి "నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను, తప్పయింది" అన్నాను. "ఇప్పటికైనా వచ్చావా అక్కా" అని ఏడ్చింది.

మీరు అంత ఆలస్యం చేయొద్దు. గ్రూపులో రాసినదానికి గ్రూపులోనే క్షమాపణ చెప్పండి. ఒక్క వాక్యం చాలు, చివర "కానీ" అని తగిలించకండి. మీ మనసుకు తగిలిన మాట సంగతి మాత్రం అక్కడ ఎత్తొద్దు. సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పమని మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువే అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక వద్దు, చుట్టూ జనం ఉంటారు. శనివారం వైట్‌ఫీల్డ్ వెళ్లండి. మీ ఆయనను పిల్లలతో కింద ఉండమనండి. "వదినా, ఆ రోజు నాలుగింటికి లేచి నేనే వండాను, మీ మాటకు చాలా బాధేసింది" అని చెప్పి, ఇక ఆమెను మాట్లాడనివ్వండి.