నడిచే కొబ్బరిచెట్టుకు మూడు తలలెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే జీవి గురించి అడిగినవి కావడంతో, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ మూడింటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: సెలవులకు వచ్చిన మా మనవడు పోకెమాన్ అనే వీడియో ఆటలో ఒక కొబ్బరిచెట్టును చూపించాడు. దానికి కాళ్ళున్నాయి, ముఖాలున్న మూడు కాయలే దానికి తలలు. పేరు ఎగ్జెగ్యూటర్ అట. చెట్టు కాకముందు అది ఆరు గుడ్లట! గుడ్డు నుంచి కొబ్బరిచెట్టు రావడమేమిటో నాకు మింగుడు పడలేదు. – ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: మీ అనుమానం సరైనదే. అవి గుడ్లు కావని ఆ ఆటే ఒప్పుకుంటుంది. చెట్టుకు ముందు రూపమైన ఆ ఆరింటి గుంపును ఎగ్జెగ్‌క్యూట్ అంటారు. జపాను భాషలో గుడ్డును సూచించే ‘తమ’ అనే మాటను రెండుసార్లు పలికి దానికి తమతమ అని పేరు పెట్టారు. వాటిలో ఒకదాని పెంకు పగిలి లోపల పచ్చసొన కూడా కనిపిస్తుంది. అయినా ఆ లోకంలోని జీవుల వివరాలను నమోదు చేసే పోకెడెక్స్ మాత్రం, చూపుకు గుడ్లలా ఉన్నా ఇవి నిజానికి మొక్కల విత్తనాల వంటివని తేల్చి చెబుతుంది. ఆరూ కలిసి 2.5 కిలోలు తూగుతాయి. వాటికి లీఫ్ స్టోన్ అనే ఆకురాయిని తాకిస్తే 2 మీటర్ల ఎత్తు, 120 కిలోల బరువు ఉన్న చెట్టు రూపం వస్తుంది. ఎరువూ నీరూ పెట్టి ఏళ్ళ తరబడి కాపు కోసం ఎదురుచూసే మీబోటివారికి ఇది కాస్త అన్యాయంగానే తోచవచ్చు.

మూడు తలల సంగతికి వద్దాం. ఒక కొబ్బరికాయకు పీచు పూర్తిగా వలిచి తొడిమ వైపు తిప్పి చూడండి. మూడు కళ్ళు కనిపిస్తాయి, కాయకు ముక్కంటి అన్న పేరు వచ్చింది వీటి వల్లనే. ఈ మూడింటిలో రెండు గట్టిగా మూసుకుపోయి ఉంటాయి, మూడోది మాత్రం గోటితో నొక్కినా లోపలికి దిగేంత మెత్తగా ఉంటుంది. మొలక వచ్చేది ఆ మెత్తని కంటి నుంచే. మొలక బయటికి వస్తున్నప్పుడే చిప్ప లోపల తెల్లగా, బెండులా ఉబ్బే కొబ్బరి పువ్వు నీళ్ళనూ కొబ్బరినీ పీల్చి దానికి ఆహారం అందిస్తుంది. మూడు రంధ్రాల మధ్య ముఖం చూడడం మన ప్రాంతంలోని పిల్లలకు కొత్త కాదు. ఆట తయారుచేసిన వారు ఏమి ఆలోచించి మూడు తలలు పెట్టారో మేము చెప్పబోము గాని, కొబ్బరికాయను చేత పట్టుకున్న వారికి ఆ సంఖ్య వింతగా అనిపించదు. ఆ తలలు దేనికది విడిగా ఆలోచిస్తాయనీ, అయినా వాటి మధ్య తగవులు రావనీ పోకెడెక్స్ చెబుతుంది.

మాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. ఎండ గట్టిగా తగిలేకొద్దీ ఈ జీవి తలలు లావెక్కుతాయట, రాలిన తలలు ఒకచోట చేరి మళ్ళీ ఎగ్జెగ్‌క్యూట్ అవుతాయట. దింపు ఆలస్యమైన తోటలో ముదిరి రాలిన కాయలు బోదె గట్టున పడ్డచోటనే మొలకెత్తడం మీరు చూసే ఉంటారు. గుడ్డు అన్న పేరు పెట్టి పొరబడ్డా, విత్తనం రాలి మొక్క అయ్యే వరస మాత్రం ఆటలో తప్పలేదు.

కాళ్ళ విషయంలో మాత్రం పోలిక చెల్లదు. ఈ జీవి మొదట కనిపించిన రెడ్, గ్రీన్ ఆటలు జపానులో 1996 ఫిబ్రవరి 27న విడుదలయ్యాయి. అదే ఏడాది నవంబరు 6న తుఫాను వచ్చి కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. మన చెట్లకు కాళ్ళు లేకపోయె!

ప్రశ్న: మా అబ్బాయి ఆడుతుండగా ఒక కొమ్ము పురుగు వచ్చి ఒక్క దెబ్బతో ఈ చెట్టును పడగొట్టింది. కొబ్బరి రైతును కనుక అడుగుతున్నాను, ఇది కావాలని పెట్టిందా? – ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ అబ్బాయి ఎదుర్కొన్నది హెరాక్రాస్ అయి ఉంటుంది. ఎగ్జెగ్యూటర్ గడ్డి జాతికీ మనోశక్తి జాతికీ చెందినది. ఆట లెక్క ప్రకారం పురుగు జాతి దెబ్బ గడ్డి జాతికి రెండింతలుగా, మనోశక్తి జాతికి మరో రెండింతలుగా తగులుతుంది కనుక మొత్తం నాలుగింతలవుతుంది. పైగా హెరాక్రాస్ వాడే మెగాహార్న్ అనే కొమ్ము పోటు పురుగు జాతి దెబ్బలలో చాలా బలమైనది, దాని శక్తి 120. చెట్టు నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. కావాలని పెట్టారా అంటే, లెక్కలో భాగంగా వచ్చిందని అనుకోవడమే మేలు. హెరాక్రాస్‌కు మూలం జపాను పిల్లలు పెంచుకునే కొమ్ము పురుగు, అది కొబ్బరి జోలికి వచ్చేది కాదు. అయితే మన తోటల్లోని కొమ్ము పురుగు దానికి దగ్గరి చుట్టమే.

మన పురుగు కొమ్ముతో పొడవదు. విప్పుకోని మొవ్వులోకి తొలుచుకుపోయి లేత ఆకును నమిలి రసం పీలుస్తుంది. దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఆ ఆకు విచ్చుకుని మట్టగా బయటపడినప్పుడు, కత్తెరతో కోసినట్టు త్రికోణాకారపు గంట్లతో విసనకర్రలా కనిపిస్తుంది. కొబ్బరికి పెరిగే చోటు ఆ ఒక్క మొవ్వే కనుక అది చనిపోతే చెట్టే పోతుంది, మూడు తలలున్న జీవికి ఈ చిక్కు లేదు. దీని పిల్ల పురుగులు పెంటకుప్పల్లోనూ కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లోనూ పెరుగుతాయి. కాబట్టి మొద్దులను తోటలో వదలకుండా తీసివేయడం, పెంటకుప్పలో ఆ పిల్ల పురుగులను చంపే మెటారైజియం శిలీంధ్రాన్ని కలపడం మీ చేతిలో ఉన్న పని. మీ అబ్బాయికైతే ఆ పురుగు ఎదుటికి చెట్టును కాకుండా ఎగిరే జాతి జీవిని పంపమని చెప్పండి. ఎగిరే జాతి దెబ్బ హెరాక్రాస్‌కు నాలుగింతలు.

ప్రశ్న: ఈ చెట్టులోనే మెడ చాలా పొడవుగా ఉన్న మరో రకం ఉంది. మా పాప స్నేహితురాలు దాన్ని ఇచ్చి పాప దగ్గరున్న పొట్టిదాన్ని తీసుకుంటానంటోంది. ఈ బేరం మంచిదేనా? – ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: పొడవుది అలోలా రకం. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటల్లో, హవాయి దీవులను పోలిన అలోలా అనే ప్రాంతంతోపాటు ప్రవేశపెట్టారు. ఎత్తు 10.9 మీటర్లు, బరువు 415.6 కిలోలు. తోక కొసన నాలుగో ముఖం కూడా ఉంటుంది. ఎగ్జెగ్యూటర్ అంటే ఇలాగే ఉండాలని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారట. పొట్టి రకాలు ఎన్ని వచ్చినా మన పెద్దలు దేశవాళీ పొడుగు చెట్టునే చెట్టంటారు కాబట్టి ఈ మాట మనకు సులభంగా అర్థమవుతుంది, మా ఓటు కూడా పొడుగుదానికే.

బేరం సంగతి పాప ఎవరితో తలపడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొడుగుది మనోశక్తిని వదులుకుని డ్రాగన్ జాతిలో చేరింది. అందువల్ల పురుగు దెబ్బ నాలుగింతల నుంచి రెండింతలకు తగ్గింది, నీటి దెబ్బ నాలుగో వంతే తగులుతుంది. నడక మాత్రం పొట్టిదాని కంటే నెమ్మది, వేగం 55 నుంచి 45కు పడిపోయింది. మంచు జాతి దెబ్బ పొట్టిదానికి రెండింతలైతే దీనికి నాలుగింతలు. అసలు కొబ్బరి కూడా మంచుకు తట్టుకోలేని చెట్టే. స్నేహితురాలి దగ్గర మంచు జాతి జీవులు ఎన్ని ఉన్నాయో ముందుగా కనుక్కుని, ఆ తరువాతే పాపను ఒప్పుకోమనండి.